సీసాలో రెండు పొరలు

కిందటి వారం మనం తాళాల మేస్త్రి షెడ్డు గుమ్మం దగ్గర ఆగాం. ఆదివారం కొండదారి పరుగు. కింద వంతెన దగ్గర బయల్దేరి, పదహారు మలుపులు తిరిగి, పైన నీళ్ళ ట్యాంకు దాకా ఒక్కో కారూ ఒంటరిగా ఎక్కాలి. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్ళది గెలుపు. తుక్కు కింద కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారును తండ్రితో కలిసి తొమ్మిదేళ్ళు తంటాలుపడి బతికించింది మేస్త్రి కూతురు. ఆ కారులో ఈసారి తనే ఎక్కుతానంది. మొగుడు సరేనన్నాడు. మామగారు అనలేదు. ఆయన అచ్చాఫీసులో ముప్పైరెండేళ్ళు ప్రూఫులు దిద్ది ఇంటికొచ్చిన మనిషి. వీధిలో అందరూ అచ్చుతప్పులాయన అంటారు. "బ్రేకుల పని నా కళ్ళముందు జరగాలి. అది చూశాకే సరే అంటాను" అని భోజనం ముందు నుంచి లేచి వెళ్ళాడు. మామగారు సరే అనందే కోడలు బండెక్కదు. సంగతి అక్కడుంది.

ఎక్కే బండికి బ్రేకులెందుకయ్యా అని ఎదురింటాయన నవ్వాడు. "ఎక్కింది దిగొద్దా?" అన్నాడు మేస్త్రి. అంతకంటే ఎక్కువ మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

శుక్రవారం పొద్దున, ఎండ ఇంకా గోడ దిగకముందే, కారు నాలుగు స్టాండ్ల మీదకెక్కింది. మేస్త్రికి ఇదేం కొత్త పని కాదు. ఏడాదికోసారి ఇంజను ఆయిలు దించడం, రెండేళ్ళకోసారి బ్రేకు ఆయిలు మార్చడం, మధ్యలో చక్రాన్ని పట్టి ఆపే ప్యాడ్లు చూసుకోవడం. ఈ కారు తయారుచేసిన కంపెనీ వాళ్ళ షెడ్డుకి ఒక్కసారి కూడా పంపలేదు. ఇంకొకళ్ళ చేతిలో పెట్టిన బండికి మన చెయ్యి తెలియకుండా పోతుందంటాడు. జాకీ ఎక్కించిన ప్రతిసారీ బండిని భుజంతో ఒకసారి నెట్టి చూస్తాడు. ఊగితే దించి మళ్ళీ పెడతాడు. ఊగకపోతేనే కిందికి దూరతాడు. ఆ పొద్దు మూడుసార్లు నెట్టాడు.

అచ్చుతప్పులాయన ఎనిమిదిన్నరకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్సిలు, చంకలో కారుతో వచ్చిన పుస్తకం. పెళ్ళైన కొత్తల్లో కోడలి దగ్గర అరువు తీసుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివి, పద్నాలుగు తప్పులు దిద్ది తిరిగిచ్చిన పుస్తకమది. కారు ముందు మూత ఎత్తి చూసి "బావగారూ, ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు!" అని ఆయన కంగారుపడ్డాడు, అది చదవకముందు. ఆ కారుకి ఇంజను వెనకాల ఉంటుంది. ముందు మూత కింద ఒక పెట్టె పట్టే చోటు, బ్రేకు ఆయిలుండే తెల్ల డబ్బా, అంతే.

"పని మొదలెట్టారా?" అన్నాడు స్టూలు మీద కూర్చోబోతూ.

"కూర్చోకండి. బండెక్కండి."

"నేనా?"

"పెడలు తొక్కాలి."

ఎప్పుడూ తొక్కేది అమ్మాయి. ఈ పొద్దు ఆమె కొత్త ప్యాడ్లు తేవడానికి కింద పట్నానికి వెళ్ళే హడావిడిలో ఉంది. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి బయటికొచ్చే చిన్న మర, నిపుల్, విప్పాలి. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. మాట మీద నడిచే పని.

అచ్చుతప్పులాయన బూట్లు విప్పి, పుస్తకం పక్క సీట్లో పెట్టి, ఆ పల్లపు సీట్లోకి దిగాడు. దిగడమంటే ముందు ఒక కాలు, తర్వాత నడుము, తర్వాత "అమ్మో" అనే మాట, చివరికి రెండో కాలు. "ఇందులోంచి నన్ను తీయడానికి కూడా జాకీ కావాలి బావగారూ" అన్నాడు లోపల్నుంచి.

మేస్త్రి తెల్ల డబ్బాలోని పాత ఆయిలును పెద్ద సిరంజితో పీల్చి ఒక గాజుసీసాలో పోసి, కిటికీ గట్టు మీద పెట్టాడు. సీలు విప్పిన కొత్త ఆయిలు అదే తెల్ల డబ్బాలో నింపాడు. వెనక చక్రం దగ్గర చిన్న పీట వేసుకుని, నిపుల్‌కి సన్నటి గొట్టం తొడిగి, గొట్టం రెండో కొస ఇంకో సీసాలో ముంచి కూర్చున్నాడు. పాలు పితికేవాడు పొదుగు దగ్గర కూర్చున్నట్టుంది ఆ కూర్చోవడం.

"తొక్కండి."

"తొక్కాను."

"పట్టుకోండి."

స్పానరు పావు తిప్పు తిరిగింది. గొట్టంలో టీ రంగు ఆయిలు కదిలింది, వెంట రెండు బుడగలు. మేస్త్రి ఇంకా నిపుల్ బిగించలేదు. బుడగలు వెనక్కి పోయాయి.

"వదిలేశారు."

"కాలు నొప్పెట్టింది."

"నేను వదలమన్నాకే వదలాలి బావగారూ. ముందే వదిలితే గాలి లోపలికి పీలుస్తుంది. మళ్ళీ మొదటికొస్తాం."

"అంటే మీరు చెప్పేదాకా నా కాలు నాది కాదన్నమాట."

"ఈ గంటసేపూ కాదు."

"పెళ్ళి మాటలప్పుడు ఈ షరతు చెప్పలేదు మీరు" అన్నాడాయన. మేస్త్రి మూతి మీసం కింద కొంచెం కదిలింది. అది నవ్వే. కానీ చూసేవాళ్ళు లేరు.

తొక్కండి, పట్టుకోండి, వదలండి. పదిసార్లయ్యేసరికి ఇద్దరికీ పట్టు దొరికింది. గొట్టంలో టీ రంగు పోయి నిమ్మరంగు వచ్చింది. రెండో వెనక చక్రానికి మారారు. అక్కడ పన్నెండోసారి "పట్టుకోండి" అని, ఆయిలు పోనిచ్చి, నిపుల్ బిగించి, మేస్త్రి నడుం నిటారు చేసుకోవడానికి లేచాడు. లేచినవాడి కళ్ళు కిటికీ గట్టు మీద పడ్డాయి.

సీసాలో రెండు పొరలున్నాయి.

కింద టీ రంగు. దాని మీద వేలెడు మందాన తేనె రంగు. మధ్యన దారం పట్టి గీసినట్టు ఒక గీత.

మేస్త్రి దగ్గరికెళ్ళి సీసా వంచాడు. గీత వంగింది. చెదరలేదు. తిన్నగా పెడితే మళ్ళీ తిన్నగా నిలబడింది. బ్రేకు ఆయిలు బ్రేకు ఆయిల్లో కలిసిపోతుంది. ఇది కలవలేదు. వేలు ముంచి పైపొర బొటనవేలితో రుద్దాడు. జిడ్డు. వాసన చూశాడు. ఆ వాసన ఆయనకు తెలుసు. కుట్టుమిషన్లో వేసే నూనెలాంటి వాసన. అది జాకీలో పోసే నూనె. ఆ నూనె బ్రేకుల్లోకి వెళితే లోపలున్న రబ్బరు బిళ్ళలు నీళ్ళల్లో నానిన శనగల్లా ఉబ్బుతాయి. ఉబ్బిన రబ్బరు బ్రేకును పట్టుకుంటే వదలనివ్వదు. వదలని బ్రేకు కాలుతుంది. కాలి కాలి, సరిగ్గా అవసరమైనప్పుడు పెడలు నేలదాకా పోతుంది, బండి ఆగదు.

ఒక ఈగ సీసా మూతి చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

ఈ షెడ్డుకి తాళం వేసేది ఆయనే, తీసేది ఆయనే. ఆయన లేనప్పుడు ఇంట్లో తాళంచెవి అడిగి రాగలిగింది ఇద్దరే. ఒకరు కూతురు. ఇంకొకరు ఇప్పుడు కారులో కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల బండెక్కడం ఇష్టంలేని మనిషి. ఆ ఆలోచన మేస్త్రికి రావడం, వచ్చినందుకు సిగ్గు వేయడం, అయినా పోకపోవడం మూడూ ఒక్కసారే జరిగాయి.

ఆయన నడిచి వెళ్ళి కారు ముందు నిలబడ్డాడు. అద్దంలోంచి మనిషి మొహం కనబడింది.

"బావగారూ. ఈ ముందు మూత ఈ మధ్య మీరెప్పుడైనా ఎత్తారా?"

అచ్చుతప్పులాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎత్తాను. సోమవారం. మీరెవరింట్లోనో బీరువా తెరుచుకోవడం లేదంటే వెళ్ళారు. చెల్లెమ్మ తాళం తీసిచ్చింది."

"ఎత్తి?"

"ఆ తెల్ల డబ్బా మీద రెండు గీతలుంటాయి, ఆయిలు వాటి మధ్య ఉండాలి అని పుస్తకంలో ఉంది. ముప్పయ్యారో పేజీ. చూస్తే కింది గీతకి ఆనుకుని ఉంది. పోశాను."

"ఎవరు పొయ్యమన్నారు?"

"ఒకళ్ళు అనాలా? పిల్ల ఎక్కే బండి. తక్కువుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మట్టం దిగుతుంది. కొత్తవి వేస్తే అదే పైకొస్తుంది. అది తక్కువ కాదు."

"ఆ మాట పుస్తకంలో లేదు."

"ఉండదు."

"మరి నాకెలా తెలుస్తుందండీ?"

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది" అన్నాడు మేస్త్రి.

"చెబితే ఏమనేవారు? ముట్టుకోవద్దనేవారు." అచ్చుతప్పులాయన గొంతు పెంచలేదు. "ఆరేళ్ళనుంచి రోజూ వస్తున్నానిక్కడికి. ఆ స్టూలు మీద కూర్చుంటాను. మామాకోడళ్ళం రాత్రి అన్నాలు తింటూ ఈ కారు గురించే మాట్లాడుకుంటాం, మీకు తెలుసా? మీరు ఒక్కనాడు ఒక్క స్పానరు అందించమని అడిగిన పాపాన పోలేదు. తప్పు సైజు ఇస్తానని."

"ఒకసారి ఇచ్చారు కదా."

"ఒక్కసారి! ముప్పైరెండేళ్ళలో నేనూ కొన్ని తప్పులు వదిలేశాను. అచ్చాఫీసు వాళ్ళు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టలేదు."

మామూలుగా అయితే ఇద్దరూ నవ్వేవాళ్ళే. మేస్త్రి నవ్వకపోవడం చూసి ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. చదివే మనిషి. పైకి అనని మాటను కూడా చదవగలడు.

"బావగారూ, ఆ పిల్ల ఎక్కకుండా చేద్దామని పోశాననుకుంటున్నారా?"

మేస్త్రి నేల చూశాడు.

"అనుకున్నారు" అన్నాడు అచ్చుతప్పులాయన తనలో తనే. "అనుకోనివ్వండి. నాకు భయమే. పడుకుంటే ఆ పదహారు మలుపులూ కళ్ళముందు తిరుగుతున్నాయి. భయపడ్డవాడు నోటితో వద్దంటాడండీ. దొంగతనంగా నూనె పొయ్యడు."

"ఏ డబ్బాలోది పోశారు?"

"పై అర, ఎడమ చివర. డబ్బా మీద రాసింది చదివే పోశాను. బ్రేకు ఆయిలు అని ఉంది. పుస్తకంలో ఏ నంబరు వెయ్యమన్నాడో డబ్బా మీదా అదే నంబరుంది. రెండుసార్లు సరిచూశాను. చదవడమే కదా నాకొచ్చింది."

మేస్త్రి అర దగ్గరికి వెళ్ళాడు.

ఆ అరల గురించి చెప్పాలి. మేస్త్రి దేన్నీ పారేయడు. ఖాళీ అయిన ప్రతి డబ్బా కడుక్కుని ఇంకోదానికి వాడతాడు. మొహానికి రాసుకునే క్రీము డబ్బాలో తాళాల స్ప్రింగులు. మందుల సీసాలో గ్రాఫైటు పొడి. పిల్లల పాలపొడి డబ్బాలో ముతక గ్రీజు. ఏది ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు, కళ్ళు మూసుకుని తీయగలడు. "మీ షెడ్డులో ఏ డబ్బా మీదా నిజం రాసుండదండీ" అని భార్య పాతికేళ్ళుగా అంటూనే ఉంది. ఆయన పాతికేళ్ళుగా వింటూనే ఉన్నాడు.

ఎడమ చివర ఉన్న చిన్న డబ్బా దించాడు. పిడి ఎప్పుడూ గోడవైపుండేది, ఇప్పుడు ఇటు తిరిగి ఉంది. కాగితం మీద పెద్ద అక్షరాలు. బ్రేకు ఆయిలు. కింద నంబరు. లోపల నాలుగేళ్ళ కిందట ఆయన చేత్తో ఆయన పోసిన జాకీ నూనె.

చాలాసేపు డబ్బాను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తప్పు ఎవరిదో వెతుకుతూ వచ్చి తన ఇంటి గుమ్మం ముందే ఆగినట్టయింది. వచ్చి కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మొదటిసారి ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"తప్పు నాది బావగారూ" అన్నాడు. "ఇందులో ఉన్నది బ్రేకు ఆయిలు కాదు. డబ్బా మీద అబద్ధం ఉంది. ఆ అబద్ధం పెట్టింది నేను. మీరు సరిగ్గానే చదివారు."

అచ్చుతప్పులాయన డబ్బా వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. "ఒక సంగతండీ" అన్నాడు.

"చెప్పండి."

"మీరింకా వదలమనలేదు."

ఆయన కుడికాలు పెడలు మీదే ఉంది. ఇంత మాటా ఆ కాలు ఎత్తకుండానే మాట్లాడాడు.

"వదలండి" అన్నాడు మేస్త్రి. "వదలండి బావగారూ."

మాటలు ఆగిపోవడం గమనించి మేస్త్రి భార్య వచ్చింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఏమైందన్నయ్యగారూ? కొట్టుకున్నారా?"

"ఇంకా లేదు చెల్లెమ్మా."

మేస్త్రి సీసాను మళ్ళీ వెలుగులో పట్టి చూస్తున్నాడు. తేనె పొర మొత్తం పైనే ఉంది. జాకీ నూనె తేలిక. బ్రేకు ఆయిలు మీద తేలుతుంది. సోమవారం నుంచి ఈ కారు కదల్లేదు. ఈ పొద్దు పాత ఆయిలు పీల్చేదాకా పెడలు ముట్టినవాళ్ళు లేరు. తేలిందంతా సిరంజిలోకి వచ్చేసుంటే లోపలి రబ్బర్లకు అంటి ఉండకపోవచ్చు. తెల్ల డబ్బా ఊడదీసి, రబ్బర్లన్నీ విప్పి చూసుకుంటే ఆదివారానికి అందవచ్చు. ఆయనకు కొంచెం ఊపిరాడింది. జాకీ నూనె డబ్బాను తీసుకెళ్ళి అరలో పెట్టబోయి, చేతిలో బరువు చూసి ఆగాడు.

తేలిగ్గా ఉంది. ఊపాడు. అడుగున కొంచెం గలగలమంది.

"ఇది ముప్పావువంతు ఉండాలి. ఈ కారులో మీరు పోసింది నాలుగు చెంచాలు. మిగతాదేమైంది?"

అచ్చుతప్పులాయన ఎలాగో కారు దిగి బూటు తొడుక్కుంటున్నాడు. చెయ్యి లేసు మీదే ఆగింది.

"మా ఇంటి కారు" అన్నాడు. "అందులోనూ కింది గీత దగ్గరే ఉందండీ. డబ్బా ఇంటికి తీసుకెళ్ళి పైగీత దాకా పోసి, తెచ్చి ఇక్కడే పెట్టాను. బుధవారం కోడలు అంది కూడా, బండి బరువుగా లాగుతోంది మామయ్యా, ఎవరో వెనక్కి పట్టుకున్నట్టుంది అని. నేను టైర్లలో గాలి చూసుకోమన్నాను."

అమ్మాయి పట్నానికి వెళ్ళింది ఆ బండిలోనే.

మేస్త్రి భార్య ముందు అర్థం చేసుకుంది. "ఇందాక వీధి మొదట్లో పెట్రోలు పోయిస్తోందన్నారు పాలాయన. ఇప్పుడే దిగుతుంటుంది" అంది. అప్పటికే ఫోను చెవి దగ్గరుంది. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తదని ముగ్గురికీ తెలుసు. బండి నడిపేటప్పుడు ఫోను డిక్కీలో పడెయ్యి అని ఆమెకు నేర్పింది తండ్రే. నేర్పిన మాట తప్పే పిల్ల కాదు.

ఎర్ర కారు స్టాండ్ల మీదుంది. మేస్త్రి పనులకు తిరిగే స్కూటరు గోడకి ఆనుకుని ఉంది. ఆయన దాన్ని తన్నేలోగా అచ్చుతప్పులాయన వెనకెక్కి కూర్చున్నాడు, ఒక బూటుతోనే.

"మీరెందుకు?"

"అది నా కోడలండీ."

మేస్త్రి స్కూటరు తన్నాడు. భార్య ఫోను వదలకుండా గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. "తొందరపడి మీరు పడకండి!" అన్న మాట వీధి మలుపు దాకా వినబడింది.

పెట్రోలు బంకులో అమ్మాయి లేదు. వెళ్ళి పది నిమిషాలైందన్నారు. దారి దిగడం మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క తుప్పలు నిండిన పల్లం. మేస్త్రి నడిపినప్పుడు ఎప్పుడూ తొందరపడడు. ఇప్పుడూ పడలేదు. కానీ గేరు మార్చేటప్పుడు చెయ్యి రెండుసార్లు జారింది. వెనకాయన మలుపులు లెక్కపెడుతున్నాడు, పైకే, పాఠం అప్పజెప్పినట్టు. "రెండు. మూడు."

నాలుగో మలుపు దగ్గర వాసన తగిలింది. ఇనుమూ ఏదో కాలిన చేదు వాసన. గాలి లేకపోవడం వల్ల రోడ్డు మీదే నిలబడి ఉంది. ఐదో మలుపులో అది ఇంకా చిక్కబడింది.

ఆరో మలుపు తిరగ్గానే బండి కనబడింది.

రోడ్డు అంచున, ముక్కు పల్లం వైపు పెట్టి ఆగి ఉంది. ముందు చక్రాల్లోంచి సన్నటి పొగ నిట్టనిలువుగా లేస్తోంది. ఒక్క గీత పడలేదు ఎక్కడా. డ్రైవరు తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు ఖాళీ.

మేస్త్రి స్కూటరు పడేసి పరిగెత్తాడు. వెనక సీటు చూశాడు, బండి కింద చూశాడు. డిక్కీలో ఫోను మోగుతోంది. చక్రానికి అడ్డంగా, సరిగ్గా పడాల్సిన చోట, ఒక బండరాయి పెట్టి ఉంది. దాన్ని కాలితో తోశాడు. కదల్లేదు. రెండు చేతులూ వేసి తోశాడు. కదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుంటే గాని లేచే రాయి కాదది.

"కోడలమ్మా!" అని పిలిచాడు అచ్చుతప్పులాయన. చిన్నగా మాట్లాడే మనిషి. కొండ తిప్పికొట్టేంత గొంతు ఆయనలో ఉందని మేస్త్రికి ఇన్నాళ్ళూ తెలియదు.

జవాబు రాలేదు. ఇద్దరూ అంచుకి వచ్చి కిందికి చూశారు. తుప్పలు ఒకచోట తొక్కి ఉన్నాయి, ఎవరో దిగినట్టు. ఆ తొక్కుడు దారి కొసన, ఆకుల చాటున, ఎవరో దగ్గారు.

అది మగమనిషి దగ్గు.